పెట్టె విప్పితే యుద్ధం
కాటమరాజు సైన్యానికి రంగులు పూసిన చేతులు చేర్యాలవే

స్టేషన్ ఘన్‌పూర్: గొల్లల ఇళ్ల ముందు మందహెచ్చులవారు కథకు కూర్చుంటే పక్కన ఒక పెట్టె ఉంటుంది. మూత తీస్తే రాజులు, వీరులు, ఆవులు, గంగమ్మ. పాత్ర రాగానే ఆ బొమ్మను తీసి నిలబెట్టి కాటమరాజు కథ చెబుతారు. మొత్తం యాభై దాకా బొమ్మలు. అంటే చిన్న సైన్యమే!

కథ పచ్చిక తగాదా. కరువొచ్చి కాటమరాజు మందలను నెల్లూరు సీమకు తోలుకుపోయాడు. మేపుకు బదులు పుట్టిన కోడెదూడలు రాజు నల్లసిద్ధికి ఇవ్వాలని ఒప్పందం. తర్వాత మాట చెడింది, పుల్లరి ఇవ్వనన్నాడు, పాలేటి ఒడ్డున కత్తులు లేచాయి. ఇది 13వ శతాబ్దం నాటి పోరని చెబుతారు. జీవాలు కాచే వానికి ఇందులో విప్పి చెప్పవలసినదేమీ లేదు.

నెల్లూరు పక్షాన దండు నడిపిన ఖడ్గతిక్కన ఒకసారి వెనుదిరిగి ఇల్లు చేరాడట. భార్య మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవారికి పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టింది. తల్లి విరిగిన పాలు పోసింది. అతడు తిరిగి యుద్ధానికి వెళ్లి ప్రాణం విడిచాడు. శత్రువు పక్షం వాడైనా ఆ వీరుడి మాట గొల్లల కథలోనే నిలిచింది.

ఈ బొమ్మలు చేసేది చేర్యాల నకాషీలు. ఘన్‌పూర్ నుంచి జనగామ మీదుగా వెళ్లాలి. 2016 దాకా ఆ ఊరు కూడా వరంగల్ జిల్లాదే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. తేలికైన పొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముఖం, చేతులు తీర్చుతారు. ఆరాక సుద్ద పూత, ఆపైన రంగులు. సన్నని గీతకు ఉడుత వెంట్రుకల కుంచె. దూరం నుంచి గుర్తుపట్టడానికి చేర్యాల పనిలో రంగుకో లెక్క ఉంది. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు.

రంగును బట్టి దండును పోల్చుకోవడం సీమదేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో బ్రిటన్ కంపెనీ 1893లో గుల్ల సీసపు సిపాయిలను పోతపోసింది. రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో అలాంటి బొమ్మలతో యుద్ధమాడే నియమాలు పుస్తకంగా వేశాడు. నేటికీ అక్కడ పాత పటాలాల చొక్కాల రంగులు వెతికి, బొమ్మలకు పూసుకుని బల్లమీద పోరాడేవారున్నారు. అయితే అక్కడ ఎవరు గెలుస్తారో ఆట ముగిసేదాకా తెలియదు. ఇక్కడ ముగింపు అందరికీ తెలుసు, అయినా తెల్లవార్లూ కూర్చుంటారు.

కూర్చునేవారే తగ్గారు. సినిమా, టీవీ వచ్చాక కథలకు పిలుపులు సన్నగిల్లాయి. చేర్యాల పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది, బయటి ఊళ్లలో గిరాకీ పెరిగింది. కానీ కొనేవారు అడిగేది గోడకు తగిలించే ముఖాలు, చిన్న పటాలు. నకాషీ కుటుంబాలకు అదే బతుకుతెరువయింది, తప్పు పట్టలేం. ఒక్క బొమ్మకే ఇన్ని పూతలు పడితే యాభై బొమ్మలకు ఎన్నాళ్లు, ఎంత సొమ్ము! ఊరూరా తిరిగే కథకుడికి అది మోయలేని ఖర్చు.

బొమ్మ రంగు పెచ్చులూడితే మళ్లీ పూయించవచ్చు. కథ కట్టించడానికి మాత్రం పిలుపు గొల్లల ఇంటి నుంచే రావాలి.