పిల్లలతో తోటకు వెళ్తున్నారా?

సెలవొచ్చిందంటే పిల్లలను సినిమాకో, షాపింగ్‌కో తీసుకెళ్తాం. లేదంటే చేతికి ఫోనిచ్చి మన పనిలో పడతాం. అయిదారేళ్లలోపు చిన్నారులకు ఈ రెండింటి కంటే చెట్ల మధ్య గడిపే ఓ పూట ఎక్కువ మేలు చేస్తుంది. కాకపోతే తోటకు తీసుకెళ్లి ‘అది ముట్టుకోకు, ఇది పట్టుకోకు’ అంటూ అడుగడుగునా ఆపితే ఆ మేలు సగమే దక్కుతుంది. ముట్టుకోకూడని మొక్కలేవో పెద్దలకు తెలిస్తే చాలు, మిగతా తోటంతా పిల్లలకు వదిలేయొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌ కొండాపూర్‌లోని బొటానికల్‌ గార్డెన్‌ 270 ఎకరాలకు పైగా ఉంది. జనగామ వాళ్లు పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. మహబూబాబాద్‌, భూపాలపల్లి నుంచి మాత్రం చంటిపిల్లలతో అంత దూరం వెళ్తే, తోట చేరేసరికే వాళ్లు డీలా పడిపోతారు. వీరికి హనుమకొండ హంటర్‌ రోడ్డులోని కాకతీయ జూపార్కు దగ్గర. వన విజ్ఞాన కేంద్రంగా పేరున్న ఇక్కడ జంతువులతో పాటు చెట్లనూ చూపించొచ్చు. మహబూబాబాద్‌ వాళ్లు రైల్లో వరంగల్‌ వరకు, భూపాలపల్లి వాళ్లు పరకాల మీదుగా బస్సులో రావొచ్చు. అదీ కుదరకపోతే ఊళ్లోనే 2020 నుంచి పెంచుతున్న పల్లె ప్రకృతి వనం ఉండనే ఉంది. మూడేళ్ల పిల్లలకు ఎకరం తోటయినా అడవితో సమానమే.

ఏమిటి లాభం?

* కళ్లకు: చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ల పిల్లలను రోజూ బడి వేళల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ల తర్వాత చూస్తే వారిలో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. అలా బయటకు పంపని బడుల్లో అది 39.5 శాతం. పగటి వెలుతురు కనుగుడ్డు అతిగా సాగకుండా కాపాడుతుందని వైద్యుల అంచనా.

* ఒంటికి: ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు కదులుతూ ఉండాలన్నది 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన. ఇరుకిళ్లలో ఇది కష్టం. తోటలో చెప్పకుండానే జరిగిపోతుంది.

* రోగనిరోధక శక్తికి: ఫిన్లాండ్‌లో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణలో అడవి మట్టి, గడ్డి పరిచి పిల్లలను ఆడించారు. 28 రోజుల్లోనే వారి చర్మంపై ఉండే సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగింది. రోగనిరోధక వ్యవస్థ తీరులోనూ మంచి మార్పులు కనిపించాయి. మట్టి అంటితే కంగారు వద్దు. తినేముందు చేతులు సబ్బుతో కడిగిస్తే సరిపోతుంది.

పిల్లల నడకే మన నడక

తోటంతా చూపించాలన్న పట్టుదల వద్దు. చీమల బారు దగ్గర పావుగంట కూర్చుంటే కూర్చోనివ్వండి. రాలిన ఆకులు, కాయలు ఏరించండి. ‘ఏది గరుకుగా ఉంది? ఏది నున్నగా ఉంది?’ అని అడగండి. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు ఎక్కడ కనిపించినా పేరు పెట్టి చూపించండి. చిన్నపిల్లలకు గంట, గంటన్నర చాలు. ఎండాకాలమైతే పది గంటల్లోపే ముగించండి. నీళ్లు, టోపీ, ఇంటి నుంచి తెచ్చిన తిండి తప్పనిసరి. దోమలు కుట్టకుండా చేతులు, కాళ్లు కప్పే నూలు బట్టలు, కాళ్లకు బూట్లు వేయండి.

వీటితో జాగ్రత్త

* గన్నేరు, పచ్చగన్నేరు: ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. గుండెపై ప్రభావం చూపుతాయి.
* గురివింద, ఆముదం గింజలు: చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నమిలితే ప్రాణాపాయం.
* అడవి ఆముదం: గింజలు రుచిగా ఉండటంతో పిల్లలు తినేస్తారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.
* ఉమ్మెత్త: తింటే మతి తప్పినట్టు మాట్లాడతారు.
* వయ్యారిభామ, దూలగొండి: తగిలితే దద్దుర్లు, దురద వస్తాయి.

తేనెతుట్టె ఉన్న చెట్టు కింద ఆగొద్దు. పొదల్లోకి, రాళ్ల సందుల్లోకి చేతులు పెట్టనివ్వొద్దు.

పొరపాటున తింటే...

నోట్లో మిగిలింది తీసేసి పుక్కిలించండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. తిన్న గింజ లేదా కొమ్మను వెంట తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్‌ చేయండి. బిడ్డ హుషారుగానే ఉందని ఆగొద్దు. కొన్ని విషాల లక్షణాలు గంటల తర్వాతే బయటపడతాయి. తేనెటీగ కుట్టాక ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దు. పాము కాటు వేస్తే కట్లు కట్టడం, కోయడం లాంటివి చేయకుండా, బిడ్డను నడిపించకుండా ఆస్పత్రికి చేర్చాలి.

ఈ పేర్లు గుర్తున్నాయి కదా! ఇక పిల్లల చేయి కాస్త వదలండి. పెద్ద తోటకు ఏడాదికోసారి వెళ్లినా, ఊరి వనానికి మాత్రం వారానికోసారైనా తీసుకెళ్లండి.