ప్రసవానికి ముందే తేల్చుకోవలసిన విషయాలు

నొప్పులు ఆరంభమైన పిదప ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించే వ్యవధి ఉండదు. ప్రసవానంతరం అధిక రక్తస్రావమైతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. కనుక ఎనిమిదో నెలలోనే నాలుగు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది రక్తం. తల్లి బ్లడ్ గ్రూపు తెలుసుకుని, రక్తమివ్వగల ఇద్దరు ముగ్గురు బంధుమిత్రులను ముందే అడిగి ఉంచాలి.

రెండవది ఖర్చు, ప్రయాణం. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో ప్రసవం, సిజేరియన్, మందులు, రక్తం, రవాణా అన్నీ ఉచితమే. అత్యవసరంలో 108కు ఫోన్ చేయాలి.

మూడవది అనుమతి. భర్త గల్ఫ్‌లో ఉన్నాడని ఆపరేషన్ ఆపనక్కరలేదు. వయోజనురాలైన స్త్రీ తన సమ్మతి తానే ఇవ్వవచ్చు. లేడీ డాక్టరు ఉన్న ఆసుపత్రిని ముందుగా విచారించుకోవడం మంచిదే. ఆమె లభించనప్పుడు, అవసరం మేరకు పురుష వైద్యుని చికిత్స పొందడాన్ని ఫిఖ్‌హ్ పండితులు అనుమతించారు. ప్రాణరక్షణ షరీఅత్ ధ్యేయాలలో ఒకటి.

నాల్గవది శిశువు ఆహారం. మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి, ముర్రుపాలు పారబోయరాదు. తహ్నీక్ పేరిట తేనె నాకించవద్దు. ఏడాదిలోపు పిల్లలకు అది ప్రమాదకరం కావచ్చు.

ఈ సన్నాహాలు తవక్కుల్‌కు విరుద్ధం కావు. చేయవలసినదంతా చేసిన పిదపనే అల్లాహ్‌పై భారం వేయడం విశ్వాసి లక్షణం.