మీ టీలో పులుపెంత? ఇంటిలోనే పరీక్షించుకోండి

"టీలోని ఆమ్లం వలననే ఛాతీలో మంట వస్తున్నదా?" అని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఇందుకు సమాధానం ఎవరికి వారే ఇంటిలో తెలుసుకొనవచ్చును. అయితే ఆ పరీక్షకు అందని దోషమొకటి ఈ ప్రాంతపు నీటిలో ఉన్నది. దానిని కూడా గుర్తించుట అవసరం.

మందార పరీక్ష

అయిదారు ఎర్ర మందారపూల రేకలను అరగ్లాసు వేడినీటిలో పావుగంట నానబెట్టి వడగట్టండి. ఆ రసంలో తెల్లని బ్లాటింగ్ కాగితపు ముక్కలను ముంచి నీడన ఆరబెట్టండి. ఒకదానిపై నిమ్మరసం, రెండవదానిపై తినే సోడా కలిపిన నీరు, మూడవదానిపై పాలు కలపని, చల్లారిన పలుచని టీ ఒక్కొక్క చుక్క వేయండి. నిమ్మరసం పడినచోట ఎరుపు, సోడా పడినచోట ఆకుపచ్చ రంగు కనిపించును. టీ చుక్కను ఈ రెండింటితో పోల్చి చూడండి. నిమ్మరసమంత ఎరుపు దానిలో రాదు.

పసుపు కాగితం ఇందుకు పనికిరాదు. పసుపులో సున్నం కలిపినప్పుడు పారాణి ఎర్రబడుట మనకు తెలిసినదే. పసుపు అట్లు క్షారానికే రంగు మారును గాని టీ వంటి వాటి పులుపునకు మారదు.

మంటకు కారణమేమి?

ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. కొలమానంలో 7 తటస్థం. అంకె తగ్గినకొద్దీ పులుపు పెరుగును. నిమ్మరసం సుమారు 2, పాలు కలపని టీ సుమారు 5. పాలు కలిపిన టీలో ఆమ్లత్వం ఇంకా తక్కువ. మన జఠరరసమే దాదాపు 2 ఉండును. ఒక్కొక్క అంకెకు పది రెట్ల భేదం కనుక, జఠరరసం టీ కన్నా సుమారు వేయి రెట్లు ఆమ్లగుణం కలది.

కాబట్టి మంటకు ప్రధాన కారణం కప్పులోని పులుపు కాదు. టీలోని కెఫీన్ జీర్ణాశయంలో ఆమ్లస్రావాన్ని పెంచును, అన్నవాహిక చివరి కండరాన్ని సడలించును. పరగడుపున, చిక్కగా మరగించి, మాటిమాటికి త్రాగువారికి బాధ ఎక్కువ. మాధవనిదానంలో వర్ణించిన అమ్లపిత్త లక్షణాలు ఇటువంటివే.

రంగు చెప్పని దోషం

ఈ మెట్టప్రాంతపు బోరునీరు చాలాచోట్ల క్షారగుణం కలది. అందువలన ఆ నీటితో కాచిన టీ నల్లగా కనిపించును, పులుపు కూడా తక్కువే. అంతమాత్రాన అది మంచిదని భావించరాదు. రాతిపొరల నుండి నీటిలో కరిగే ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. మందార కాగితం దానిని పట్టుకొనలేదు. నీటిని మరగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరినకొద్దీ గాఢమగును. పైగా తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకులలో కూడబెట్టుకొనును. అది డికాక్షన్‌లోకి దిగును.

త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' సంస్థ 1970 దశకంలో రూపొందించినది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు. నీటి గుణాన్ని బట్టి మోతాదు మారును గనుక ఇంటిలో ఉజ్జాయింపుగా చేయరాదు.

పాటించవలసినవి

- టీకి బోరునీరు కాక, మిషన్ భగీరథ ద్వారా వచ్చే శుద్ధిచేసిన నీటినే వాడండి. బోరునీరు తప్పనిసరియైతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.
- ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు టీ అలవాటు చేయకండి. శాశ్వత దంతాల పింగాణి ఏర్పడే వయస్సు అదే.
- పరగడుపున టీ మానండి. రోజుకు రెండు కప్పులు మించనీయకండి.
- మంట ఉన్నవారు రెండు చెంచాల ధనియాల పొడిని గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో సేవించవచ్చును. శార్ఙ్గధర సంహిత చెప్పిన ధాన్యక హిమం ఇదే. మధుమేహం గలవారు పటికబెల్లం కలపరాదు.

మంట రెండు మూడు వారాలు తగ్గకున్నా, మలం నల్లగా పోవుచున్నా వెంటనే వైద్యుని సంప్రదించండి.