గేరు రాడ్డు పొట్టిదైతే

చిన్న కారు కొనుక్కున్న కుర్రాళ్ల కళ్లు ఏడాది తిరక్కుండానే గేరు రాడ్డు మీద పడతాయి. మా మనవడూ అంతే. "తాతయ్యా, షార్ట్ షిఫ్టర్ వేయిస్తే గేరు ఇట్టే పడుతుందట" అని మొదలుపెట్టాడు. వేయించుకో నాన్నా, నేనొద్దనను. కాకపోతే ఆ రాడ్డు కింద ఏం జరుగుతుందో ముందు తెలుసుకో. అప్పుడు డబ్బు దేనికి పెట్టాలో నీకే తడుతుంది.

పొలంలో బండరాయిని గునపంతో లేపడం చూశావు కదా. మొన బండ కిందికి తోసి, దగ్గర్లో ఓ చిన్న రాయిని ఆనిక పెట్టి, అవతలి కొసను నొక్కుతారు. చెయ్యి మూరెడు దిగితే బండ నాలుగు వేళ్లు లేస్తుంది. ఆనికను బండకి దూరంగా జరిపితే బండ ఇంకాస్త ఎక్కువ లేస్తుంది, కాని నొక్కేవాడికి చెమటలు పడతాయి. గేరు రాడ్డులో ఉన్నదీ ఈ గునపమే. ఆనిక స్థానంలో ఓ గుండు ఉంటుంది. దాని పైన పొడుగు భాగం, కింద పొట్టి భాగం.

లెక్క కోసం పైన 30 సెంటీమీటర్లు, కింద 6 అనుకుందాం. గేరు పడాలంటే కింది కొస 2 సెంటీమీటర్లు జరగాలనుకో. అప్పుడు నీ చెయ్యి 10 సెంటీమీటర్లు జరగాలి. బదులుగా నీ బలం ఐదు రెట్లై కిందికి చేరుతుంది. షార్ట్ షిఫ్టర్‌లో కింది భాగం పొడుగు పెంచుతారు. అది 8 అయితే చెయ్యి ఏడున్నర సెంటీమీటర్లు కదిపితే చాలు. కాని బలం ఇప్పుడు మూడుముప్పావు రెట్లే. ఇదివరకు 4 కిలోల ఒత్తిడికి పడే గేరు ఇప్పుడు 5 కిలోల పైచిలుకు అడుగుతుంది. పై రాడ్డునే కోసి పొట్టి చేయించినా లెక్క మారదు. దూరంలో మిగిలింది బలంలో ఖర్చవుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమిడీస్ తేల్చి చెప్పిన ఈ సూత్రాన్ని ఏ కంపెనీ కిట్టూ దాటలేదు.

ఇక రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా ఉన్న దారి చూద్దాం. అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినిలూ తిరిగిన రోజుల్లో గేరు స్టీరింగు పక్కన ఉండేది. చేతి కదలిక అక్కణ్ణుంచి ఎన్నో కీళ్లు దాటుకుని గేర్‌బాక్సుకి చేరాలి. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు యజమాని చేతికొచ్చాయి. దాంట్లో గేరు రాడ్డు కింద నేలమీదికి వచ్చింది. కాని గేర్‌బాక్సు ముందు ఇంజన్ పక్కన, రాడ్డు సీట్ల మధ్యన! రెంటినీ కలుపుతూ కారు అడుగున ఇనుప కడ్డీలు. వానాకాలం బురదా, ఎండాకాలం దుమ్మూ వాటికే. పైగా ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంటే కడ్డీ కూడా దాంతోపాటు ఊగుతుంది. 2010లో వచ్చిన ఆల్టో కె10లో కడ్డీలకి బదులు కేబుళ్లు పెట్టారు. ముందుకీ వెనక్కీ తోయడానికి ఒకటి, పక్కలకి జరపడానికి ఒకటి. కేబుల్ వంగుతుంది కాబట్టి ఇంజన్ ఊపు చేతిదాకా అంతగా రాదు.

కడ్డీ అయినా కేబుల్ అయినా కీళ్ల దగ్గర బుష్షులు ఉంటాయి. నైలాన్‌వో, రబ్బరువో. పాత బండి బుష్షు ఒకటి ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూడు. కొత్తది తెల్లగా, గుండు దూరిస్తే 'టక్'మని కూర్చునేలా ఉంటుంది. పాతది గోధుమ రంగుకి తిరిగి, అంచున సన్నటి చీలికతో, గుండ్రటి చిల్లు కోలగా సాగిపోయి ఉంటుంది. అరిగింది మహా అయితే ఒక మిల్లీమీటరు. ఇదేం లెక్కలే అనుకుంటావు. కాని నీ బలాన్ని ఐదు రెట్లు చేసే రాడ్డే కింది లూజునీ ఐదు రెట్లు చేసి నీ చేతికి చూపిస్తుంది. మూడు కీళ్లలో మిల్లీమీటరు చొప్పున అరిగితే పైన నాబ్ దగ్గర ఒకటిన్నర సెంటీమీటరు ఉత్తుత్తి కదలిక! గేరు పడిందో న్యూట్రల్‌లో ఉందో తెలీక చెయ్యి వెతుక్కునేది అందుకే.

ఇక్కడే షార్ట్ షిఫ్టర్ మనల్ని భ్రమపెడుతుంది. అది వేశాక ఆ ఒకటిన్నర సెంటీమీటరు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. కాని మొత్తం కదలిక కూడా అదే పాళ్లలో తగ్గింది కదా. కింద 20 మిల్లీమీటర్లలో 3 వృథా అవుతున్నాయంటే, ఏ రాడ్డు వేసినా ఆ 3 వృథాయే. బుష్షులు మారిస్తేనే అది పోతుంది. అందుకే నా మాట: మొదటి రూపాయి బుష్షులకి. గట్టి ప్లాస్టిక్‌వో ఇత్తడివో వేయించుకునేవాళ్లూ ఉన్నారు. గేరు స్పష్టంగా పడుతుంది, నిజమే. కాని కంపెనీవాడు అక్కడ మెత్తటిది పెట్టింది అదురు మింగడానికి. ఆ మెత్తదనం తీసేస్తే ఇంజన్ అదురంతా నీ అరచేతికే.

ఇప్పుడు అసలు అద్భుతం దగ్గరికి వద్దాం. గేరు మార్చడమంటే పళ్లచక్రాన్ని జరిపి ఇంకో చక్రానికి తగిలించడం అనుకుంటారు చాలామంది. ఇప్పటి కార్లలో ముందుకెళ్లే గేర్ల చక్రాలన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. మనం జరిపేది స్లీవుని. అది మనకు కావలసిన చక్రాన్ని షాఫ్టుకి బిగిస్తుంది. చిక్కేమిటంటే రెండూ ఒకే వేగంతో తిరగడం లేదు. రెండో గేరు నిష్పత్తి 2, మూడోది 1.3 అనుకో. రెండో గేరులో ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, మూడో గేరుకి 1950 చాలు. క్లచ్ తొక్కినా క్లచ్ ప్లేటూ, దాని షాఫ్టూ, దానితో ఉన్న చక్రాలూ ఇంకా 3000 ఊపులోనే ఉంటాయి. రెప్పపాటులో వాటిని 1950కి దింపాలి. ఆ పని చేసేది వేలెడు వెడల్పు కూడా లేని ఇత్తడి రింగు. సింక్రో రింగు అంటారు. చక్రం మీదున్న శంకువును అది ఒరుసుకుని రెంటి వేగాన్నీ కలుపుతుంది. కలిసేదాకా స్లీవుకి అడ్డు నిలబడుతుంది, కలిశాక దారి వదులుతుంది. గేరు పడేముందు చేతికి తగిలే ఆ చిన్న అడ్డు అదే. 1928లో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చేదాకా డ్రైవర్లు రెండుసార్లు క్లచ్ తొక్కి, చెవితో ఇంజన్ వేగం పట్టుకుని గేరు వేయాల్సిందే.

రింగు ఎంత త్వరగా పని ముగిస్తుందన్నది దాని మీద పడే బలాన్ని బట్టి ఉంటుంది. మన లెక్కలో షార్ట్ షిఫ్టర్ వేశాక అదే చేతి బలానికి రింగుకి చేరేది ముప్పాతికే. అంటే వేగాలు కలవడానికి మూడో వంతు ఎక్కువ సమయం. రాడ్డు దూరం తగ్గింది కదా అని నువ్వేమో తొందరగా లాగుతావు. రింగుకి కావలసింది నిదానం. ఈ గుంజులాటలో అరిగేది ఆ ఇత్తడే. అలాంటి బండి గేర్ ఆయిల్ వంపి ఎండలో చూస్తే పసుపచ్చటి రజను మెరుస్తుంది. క్లచ్ పూర్తిగా విడవని బండిలో ఇంకా దారుణం. ఇంజన్ మొత్తాన్ని ఆపే భారం ఆ రింగు మీదే పడుతుంది.

గేర్ ఆయిల్ సంగతీ విను. ఆయిల్ ఎంత జారుడుగా ఉంటే అంత మంచిదనుకోవద్దు. పళ్లకి జారుడు కావాలి, సింక్రో రింగుకి రాపిడి కావాలి. రింగు లోపలి సన్న గాళ్లు ఆయిల్‌ని పక్కకి తోసేస్తేనే అది శంకువును పట్టుకుంటుంది. రాపిడిని శత్రువుగా చూసే యంత్రం లోపలే రాపిడితో పని చేయించుకున్నారు చూడు, ఆ ఇంజనీర్లకి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. అందుకే జీఎల్-4 రాసి ఉన్నచోట 'ఇంకా గట్టిది' అని జీఎల్-5 పోయించకు. అందులో ఎక్కువగా ఉండే గంధకం మందు ఇత్తడికి పడదు. బండితో వచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు ఉందో అదే పోయించు.

బరువైన నాబ్ వేసుకోవాలనుందా, వేసుకో. అదే వేగంతో కదిలినప్పుడు నాలుగు రెట్లు బరువున్న నాబ్‌లో నాలుగు రెట్ల శక్తి ఉంటుంది. ఆ ఊపు రాడ్డుని గేరులోకి తీసుకెళ్లడానికి సాయపడుతుంది. స్టీలుది మాత్రం రెంటచింతల మే నెల ఎండలో ముట్టుకోలేవు.

బుష్షులు మార్చాక, కేబుల్ బండి అయితే కేబుల్ సర్దుబాటు సరిచూడమను. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడు. అప్పుడు రోడ్డెక్కు. పొద్దున్నే చల్లటి బండిలో రెండో గేరు గరగరలాడి, క్లచ్ బాగానే ఉందని మెకానిక్ తేల్చితే, రింగు అరిగిందేమో చూడాలి. దానికి గేర్‌బాక్సు విప్పాల్సిందే నాన్నా, పైన ఏ రాడ్డు మార్చినా ఆ గరగర పోదు.