ఉద్యోగం వదలాలా, నిలవాలా? విశ్వాసి నిర్ణయించుకునే తీరు

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలను కురిపించుగాక!



జుమా నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించవలసిందిగా దివ్య ఖుర్ఆన్ 62వ సూరా 10వ ఆయతులో మనకు ఆదేశం ఉంది. మస్జిదు గుమ్మం దాటి దుకాణానికో, ఆఫీసుకో, కార్ఖానాకో వేసే అడుగు కూడా ధర్మ పరిధిలోనిదేనని దీని భావం. కనుక బ్రతుకుతెరువును గురించిన ప్రశ్న మస్జిదుకు సంబంధం లేని ప్రశ్న కాదు. జుమా తరువాత మా వద్ద ఆగే యువకులలో చాలామంది అడుగుతున్నది అదే: "మౌలానా సాబ్, ఈ ఉద్యోగం వదిలెయ్యమంటారా, ఉండమంటారా?"

దీనికి సమాధానం చెప్పే ముందు, ఈ విషయంలో మేము చేసిన ఒక పొరపాటును మీ ముందు ఉంచడం మా బాధ్యత.

కొన్నేళ్ల క్రితం, వడ్డీకి అప్పులిచ్చే ఒక సంస్థలో లెక్కలు రాసే యువకుడు మా వద్దకు వచ్చాడు. ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన తల్లి అతని మీదనే ఆధారపడి ఉన్నారు. అసర్ నమాజుకు వేళ అవుతున్నది. వడ్డీ తినేవానిని, తినిపించేవానిని, దానిని రాసేవానిని, దానికి సాక్షులుగా ఉండే ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారని, వారంతా సమానులేనని ఆయన చెప్పారని హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మేము దానిని వినిపించి, "రేపే మానెయ్యి బేటా, అల్లాహ్ ఇస్తాడు" అని ఐదు నిమిషాలలో పంపివేశాము. అతడు మా మాట మన్నించి మరునాడే రాజీనామా ఇచ్చాడు.

ఏడు నెలల తరువాత మాకు తెలిసింది. తల్లి వైద్యం కోసం అతడు ఇల్లాలి నగలు తాకట్టు పెట్టాడు, అదీ వడ్డీకే. వడ్డీ రాయడం మానుకున్న మనిషి వడ్డీ కట్టేవాడయ్యాడు. మేము వినిపించిన హదీసులో తినిపించేవాని ప్రస్తావన కూడా ఉన్నదని అప్పుడు మాకు గుర్తుకువచ్చి తల దించుకున్నాము.

మేము చెప్పిన ధర్మాదేశం తప్పు కాదు. ఆ పని వదలవలసినదే. కాని ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా డబ్బు ఉందని మేము అడగలేదు. మరో పని చూసిపెడతామని అనలేదు. జమాత్‌లో ఎవరికీ చెప్పలేదు. భారమంతా అతని భుజాల మీద పెట్టి, దానికి తవక్కుల్ అని పేరు పెట్టాము. ఆ రోజు మేము నేర్చుకున్నదే ఈ ఖుత్బా సారాంశం. వదలాలా, నిలవాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ముందు అది ఏ తరహా ప్రశ్నో తెలుసుకోవాలి. అవి మూడు తరహాలు.

మొదటిది: పనే నిషిద్ధమైనప్పుడు

వడ్డీ పత్రాలు రాయడం, మద్యం అమ్మడం, జూదం నడపడం, తూకంలోనో నాణ్యతలోనో మోసగించడమే పనిగా ఉండటం వంటివి ఈ కోవకు చెందుతాయి. ఇక్కడ వదలాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. ఎప్పుడు, ఎలా అన్నదే ప్రశ్న. ఇటువంటి దానికి ఇస్తిఖారా చేయడం కూడా సరికాదు. అల్లాహ్ నిషేధించిన దానిలో మేలున్నదా అని ఆయననే అడగడం ఏ విధంగా సబబు?

మరో ఆధారం ఉన్నవాడు వెంటనే వదలాలి. పని మానితే ఇల్లు పస్తులుండే స్థితి నిజంగా ఉన్నవాడు, మనసులో ఆ పనిని అసహ్యించుకుంటూ, పశ్చాత్తాపపడుతూ, హలాల్ ఉపాధి కోసం గట్టిగా వెదుకుతూ, అది దొరికిన రోజునే బయటపడాలని అనేకమంది ఉలమా వివరించారు. కాని వెదకడం నిజంగా వెదకడమై ఉండాలి. ఐదేళ్లుగా వెదుకుతున్నానని చెబుతూ ఈ సంవత్సరం ఒక్క దరఖాస్తు కూడా పెట్టనివాడు తనను తానే మోసగించుకుంటున్నాడు. ఇక ఒకే సంస్థలో ఒకరు చేసే పనికి, మరొకరు చేసే పనికి తేడా ఉండవచ్చు. మీరు చేసే పని వివరాలన్నీ చెప్పి, నమ్మకమైన ముఫ్తీ గారిని అడగండి. సంస్థ పేరు మాత్రమే చెప్పి ఫత్వా కోరకండి.

రెండవది: పని హలాలే, పరిస్థితులు కఠినమైనప్పుడు

జీతం సమయానికి ఇవ్వకపోవడం, నమాజుకు వీలు లేకపోవడం, పదిమందిలో అవమానించడం వంటి బాధలు ఇందులోకి వస్తాయి. ఇటువంటి చోట రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకరు కోపంతో ఆ క్షణానే రాజీనామా రాసి దానిని ఆత్మగౌరవం అంటారు. మరొకరు భయంతో అన్యాయాన్ని భరిస్తూ దానిని సబ్ర్ అంటారు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కనుక హక్కును అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు.

ముందు అడగండి. జుహర్ నమాజుకు పదిహేను నిమిషాలు కావాలని యజమానితో మర్యాదగా ఒక్కసారైనా చెప్పకుండా, వీల్లేదని తామే తీర్మానించుకున్నవారిని మేము చూశాము. అడిగితే చాలామందికి వీలు దొరికింది. అడిగినా అన్యాయం ఆగకపోతే బయటికి దారి వెదకడం తప్పు కాదు.

మూడవది: అంతా బాగున్నా, మరింత మేలు కోరుకున్నప్పుడు

ఇది పాపం కాదు. మక్కా నుంచి ఖాళీ చేతులతో మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. ఆయన ఆ సోదరునికి దుఆ చేసి, తనకు బజారుకు దారి మాత్రం చూపమన్నారు. మెరుగైన సంపాదనను కోరడం విశ్వాసికి తగిన పనే.

కాని పెరిగే జీతంతో పాటు తరిగేదానిని కూడా లెక్కించాలి. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లే సోదరులకు ఇది బాగా తెలుసు. అక్కడి జీతాన్ని ఇక్కడి రూపాయలలోకి మార్చి సంతోషించేవారు వీసాకు చేసిన అప్పు, అక్కడి తిండి ఖర్చు, అన్నిటికీ మించి తండ్రి ముఖం చూడకుండా పిల్లలు పెరిగే సంవత్సరాలు ఆ లెక్కలో రాయరు. వెళ్లవద్దని మా మాట కాదు. మొత్తం లెక్క చూసి వెళ్లమని మా మాట.

నిర్ణయానికి ముందు నాలుగు మెట్లు

మొదటి మెట్టు లెక్క. ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. కొత్త జీతం చేతికి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది? అంతవరకు ఇల్లు దేనితో గడుస్తుంది? రావలసిన హక్కులు ఏమిటి? మన దేశంలో గ్రాట్యుటీకి సాధారణంగా ఒకేచోట ఐదేళ్ల సర్వీసు కావాలి. ఆ అర్హత రాకముందే ఆవేశంలో మానుకున్నవాడు తన హక్కును తానే జారవిడుచుకుంటున్నాడు. ఉద్యోగం మారినప్పుడు ప్రావిడెంట్ ఫండ్ తీసేసుకోకుండా కొత్త చోటికి మార్చుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది. ఆ పథకంలో పింఛనుకు 10 సంవత్సరాల సర్వీసు అవసరం. ఇవి తెలుసుకోవడం దురాశ కాదు, ఇంటివారి హక్కును కాపాడటం. తన పోషణలో ఉన్నవారిని గాలికి వదిలివేయడమే మనిషికి చాలినంత పాపమని హదీసులో హెచ్చరిక ఉంది.

రెండవ మెట్టు ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే దివ్య ఖుర్ఆన్ 5వ సూరా మొదలవుతుంది. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అ) ఎనిమిదేళ్లు పనిచేయడానికి ఒప్పుకున్నారు, పదేళ్లు పూర్తిచేయడం ఆయన ఇష్టానికి వదిలివేయబడింది. ఆయన ఎక్కువ గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (ర) తెలిపారు. ఆ తరువాతనే కుటుంబంతో బయలుదేరారు. కనుక నోటీసు కాలం పూర్తిచేయండి. చేతిలోని పని మరొకరికి అప్పజెప్పండి. సంస్థ కాగితాలు, ఖాతాదారుల వివరాలు వెంట తీసుకుపోవడం అమానత్‌లో ద్రోహం. గల్ఫ్ దేశాలలో కఫీల్‌కు చెప్పకుండా వెళ్లిపోతే పరారీ కేసు పెట్టే అవకాశం ఉంటుంది. ఒక్క రాత్రి తొందరపాటు స్వదేశానికి తిరిగివచ్చే దారిని కూడా క్లిష్టం చేయగలదు. అక్కడ అన్యాయం జరిగితే భారత రాయబార కార్యాలయాన్ని, కార్మిక శాఖను ఆశ్రయించండి.

మూడవ మెట్టు మష్వరా. వ్యవహారాలలో సహచరులను సంప్రదించి, నిశ్చయించుకున్నాక అల్లాహ్‌ను నమ్ముకోమని ఖుర్ఆన్ 3వ సూరా 159వ ఆయతు సాక్షాత్తు దైవప్రవక్త (స)నే ఆదేశించింది. ఎవరిని సంప్రదించాలి? మొదట ఇల్లాలిని. హుదైబియా రోజున సహచరులు దుఃఖంతో కదలలేకపోయినప్పుడు దైవప్రవక్త (స) ఉమ్మె సలమా (ర) సలహాను పాటించారు, చిక్కుముడి విడిపోయింది. జీతం ఆగితే వంటింట్లో ముందుగా తెలిసేది ఇల్లాలికే. ఆమెకు చెప్పకుండా రాజీనామా ఇవ్వడం మగతనం కాదు. ఆ తరువాత ఆ రంగంలో పనిచేసిన అనుభవజ్ఞుని అడగండి. ధర్మం మమ్మల్ని అడగండి. మార్కెట్టు సంగతి మార్కెట్టు తెలిసినవానిని అడగండి.

నాలుగవ మెట్టు ఇస్తిఖారా. ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా దైవప్రవక్త (స) దీనిని సహచరులకు నేర్పేవారని హజ్రత్ జాబిర్ (ర) చెప్పారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఈ పని నా ధర్మానికి, బ్రతుకుకు, పర్యవసానానికి మేలైతే నాకు సులభం చెయ్యమని, కీడైతే దానిని నా నుండి, నన్ను దాని నుండి మళ్లించి, మేలు ఎక్కడున్నా అది ప్రసాదించి దానితో నన్ను తృప్తిపరచమని వేడుకోవడం ఇది. కలలో తెలుపో పచ్చో కనబడాలన్న షరతు హదీసులో లేదు. డబ్బు తీసుకుని ఇతరుల కోసం ఇస్తిఖారా తీసేవారి వద్దకు పోవలసిన పని కూడా లేదు. మీ ప్రభువుతో మీరే మాట్లాడండి. ఆ తరువాత సహేతుకమైన దారిలో ముందుకు నడవండి.

ఇక తవక్కుల్

భయభక్తులు గలవానికి అల్లాహ్ దారి చూపుతాడని, అతడు ఊహించని చోటు నుండి ఉపాధి ఇస్తాడని 65వ సూరాలో వాగ్దానం ఉంది. మీరు అల్లాహ్‌ను నమ్మవలసిన రీతిలో నమ్మితే పక్షులకు ఇచ్చినట్లే మీకూ ఉపాధి ఇస్తాడని, అవి ఉదయం ఆకలితో వెళ్లి సాయంత్రం నిండిన కడుపుతో తిరిగివస్తాయని హజ్రత్ ఉమర్ (ర) ఉల్లేఖించిన హదీసులో ఉంది. గమనించండి, ఆ పక్షి గూటిలో కూర్చోలేదు. వెళ్లింది.

సోదరులారా! చివరి మాట జమాత్‌కు. హరామ్ వదలమని చెప్పడం మన నోటికి తేలిక. వదిలినవాని ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడటం మన చేతుల బాధ్యత. జకాత్ పొందదగినవారిలో అప్పుల్లో చిక్కుకున్నవారిని ఖుర్ఆన్ 9వ సూరా 60వ ఆయతు పేర్కొన్నది. మనలో దుకాణాలున్నవారు ఉన్నారు, లెక్కలు రాసేవారి అవసరం ఉన్నవారు ఉన్నారు.

ఆ యువకుని సంగతి ఆలస్యంగానైనా జమాత్ పట్టించుకున్నది. ఒక సోదరుడు తన హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు అప్పగించాడు. కొందరు కలిసి ఖర్జె హసనా ఇచ్చి నగలు విడిపించారు. మునుపటి కంటే జీతం తక్కువే. అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. మేము క్షమించమని అడిగినప్పుడు అతడు అన్నది ఒక్కటే: "మీరు చెప్పింది నిజమే మౌలానా సాబ్. కాని ఆ రోజు నాతో పాటు ఇంకొక్కరు నడిచి ఉంటే బాగుండేది."

ఈ జుమా నుండి ఎవరైనా ఈ ప్రశ్నతో మన వద్ద ఆగితే, ఐదు నిమిషాలలో పంపివేయకుండా అతనితో కూర్చుందాం.

ఓ అల్లాహ్! మాకు హలాల్ ఉపాధిని ప్రసాదించు. హరామ్ నుండి బయటపడే ధైర్యాన్ని, బయటపడినవానికి తోడు నిలిచే మనసును మాకు ఇవ్వు. వదలవలసినది వదిలే తెలివిని, నిలవవలసిన చోట నిలిచే సహనాన్ని అనుగ్రహించు. ఆమీన్.