చలికి ముందే తయారవుదాం

మన న్యాల్‌కల్‌లో హిమపాతం ఉండదు. కాని డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 10 డిగ్రీల కన్నా తక్కువకు పోతది. ఎందుకంటే మనది ఎత్తయిన పీఠభూమి. మబ్బులు లేని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. ఉత్తర దిక్కు నుండి పొడి చల్లగాలి వస్తుంది.

కావున చెద్దర్లు ముందే ఎండలో వేయాలి. పగిలిన కిటికీలకు అట్ట పెట్టాలి. చాప కింద గోనెసంచి పరిస్తే నేల చల్లదనం ఒంటికి ఎక్కదు. తడి తలతో పండుకోరాదు. చెవులకు గుడ్డ కట్టుకోవాలి. చిన్న తరగతుల చెల్లెళ్ళను గోడ పక్కన కాకుండా మధ్యలో పండబెట్టాలి.

అన్నిటికన్న ముఖ్యం ఒకటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దానిలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు కూడా చెప్పండి. చలి కాగేది బయటనే!