వేడియా, కారమా?

ఆంగ్లములోని 'హాట్' అను విశేషణమునకు మన విద్యార్థి మొదట నేర్చు అర్థము 'వేడి'. కనుక 'ద కర్రీ ఈజ్ హాట్' అను వాక్యమును 'కూర వేడిగా ఉన్నది' అని తెనిగించును. చల్లారిన కూరను నోట పెట్టుకొని కూడ ఆంగ్లేయుడు ఆ మాటే అనగలడు, అప్పుడది 'కారము'. ఈ రెండును ఒక్కటే అన్నచో అమరావతి పరిసరాలలో కల్లమున మిరపకాయలు ఎండబోసిన రైతు నవ్వును. మధ్యాహ్నము కాయ చేతికి చురుక్కుమనును. ప్రొద్దు వాలిన పిదప వేడి చల్లారును గాని, కారము చల్లారదు.

అయినను ఆంగ్లము పేదభాష యని మనము మురియనక్కరలేదు. 1997లో డేవిడ్ జూలియస్ బృందము ఒక వింత బయటపెట్టినది. మిరపలోని కాప్సైసిన్‌ను పసిగట్టు నాడీగ్రాహకమే సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిమిని కూడ పసిగట్టును. 2021 వైద్య నోబెల్ బహుమతిలో ఆయనకు భాగము లభించినది. నరమునకు రెండును ఒక్కటేనన్నమాట! మనము మాత్రమేమి? నామములో వేరుచేసి క్రియలో కలిపివేసితిమి: నిప్పు సోకిన చేయి మండును, మిరపకాయ కొరికిన నోరును మండును.

'హాట్'కు బదులు 'స్పైసీ' అనిన చిక్కు తీరునని కొందరందురు. కాని లవంగాలు, దాల్చినచెక్క దట్టించి మిరపకాయయే వేయని కూరయు 'స్పైసీ'యే.